పంతొమ్మిది సన్మానాలు

సౌందర్యకు ప్రమోషన్ మీద కొండల మీది మడికేరికి బదిలీ అయిందని తెలిసిన రోజు బళ్ళారిలో ఎండ నలభై రెండు డిగ్రీలు. ఆ సాయంత్రమే ఆమె భర్త మాధవ స్టూలెక్కి అటక మీది నుంచి మంకీ క్యాప్ దింపాడు. దులిపి, తలకు పెట్టుకుని, అద్దం ముందు నిలబడ్డాడు. చెవుల వెనక నుంచి చెమట కాలువ కట్టింది.

"సరిపోయింది," అన్నాడు.

సౌందర్య వంటింట్లోంచి తొంగి చూసింది. "ఏంది, దొంగతనానికి పోతాండావా?"

"చలి అంటే ఆట కాదు. నీకు తెల్దు. నేను ఊటీ చూసినోణ్ణి."

ఊటీ చూసిన మాట నిజమే. పద్దెనిమిదేళ్ళ కిందట లారీ ఓనర్ల సంఘం వాళ్ళు తీసుకుపోయారు. బస్సు పొద్దున దిగింది, సాయంత్రం ఎక్కింది. మధ్యలో ఆయనకు జలుబు చేసింది. చలి మీద మాధవకున్న అనుభవమంతా ఆ ఒక్క పగటిదే. అయినా మన ఇళ్ళల్లో అనుభవానికి కొలత ఎవరడుగుతారు? ఒకసారి అపెండిక్స్ తీయించుకున్నవాడు బతికినన్నాళ్ళూ డాక్టరే.

గాంధీనగర్‌లో మాధవ అంటే తెలియనివాళ్ళు లేరు. కొత్తగా అద్దెకు వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆయనే వెళ్ళి తెలియజేస్తాడు. దేశనూరులో తాతల నాటి పొలం ఉంది, కౌలుకిచ్చాడు. గనులు జోరుగా నడిచిన రోజుల్లో నాలుగు లారీలుండేవి. గనులు ఆగాక ఒకటి మిగిలింది. ఇప్పుడు అదీ లీజులోనే ఉంది గానీ, గేటుకు ‘ట్రాన్స్‌పోర్ట్’ అన్న బోర్డు మాత్రం ఏటా రంగు వేయించుకుంటూ నిలబడి ఉంది. ఇల్లు గడిచేది సౌందర్య బ్యాంకు జీతంతో. ఆ సంగతి కాలనీ అంతటికీ తెలుసు, బోర్డుకు తప్ప.

మాధవ అసలు ఉద్యోగం కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్ష పదవి. దానికి జీతం లేదు. జీతానికి బదులు శాలువాలు.

ఆ వైపు సన్మానం చేయడానికి కారణం ఉండాలని లేదు, శాలువా ఉంటే చాలు. వీధి లైటు వెలిగితే సన్మానం. గణేశుడి పందిరి కూలకుండా నిలబడితే సన్మానం. కన్నడ రాజ్యోత్సవం నాడు స్టేజీ మీద కుర్చీలో ఊరికే కూర్చున్నా కప్పుతారు. కప్పినవాడికి రేపు మనం కప్పాలి. అందుకని శాలువాను ఎవరూ విప్పి వాడరు. ప్లాస్టిక్ కవరు నలగకుండా బీరువాలో పెట్టి, తర్వాతి సన్మానానికి తీస్తారు. అలా ఒక్కో శాలువా కాలనీలో తిరిగినంతగా కార్పొరేషన్ వాళ్ళు కూడా తిరగరు. ఇది అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు.

ప్రమాదం ఒక్కటే: ఇచ్చినవాడికే తిరిగి ఇవ్వడం. ఒకసారి అదే కాలనీలోని హులిగప్ప కప్పిన శాలువాను మాధవ రెండు నెలలకు హులిగప్పకే కప్పాడు. హులిగప్ప పెద్దమనిషి కాబట్టి స్టేజీ మీద ఏమీ అనలేదు. దిగాక, "అన్నా, ఇది నా తావ చానా రోజులు ఉండింది, నీ తావ బేసరయి, ఇసుగు పుట్టి తిరిగొచ్చినట్టుంది" అన్నాడు. ఆ రోజు నుంచి సౌందర్య ఇంటికొచ్చిన ప్రతి శాలువా మూలనా పసుపు దారంతో చిన్న ముడి కుడుతుంది. ఒక ముడి ఉంటే ఒకసారి మన ఇంటికి వచ్చినట్టు. బంగారు అంచున్న ముదురు ఎరుపు శాలువా ఒకటి అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళింది.

చెప్పాలంటే మాధవను పట్టుకున్న భయం చలి గురించి కాదు. గాంధీనగర్‌లో సౌందర్య బజారుకు పోతే "మాధవన్న వాళ్ళ మేడం" అంటారు. మడికేరిలో ఆమె బ్రాంచి మేనేజరు. మరి ఆయన? మేనేజరు మేడం భర్త. ఆ మూడు మాటలు రాత్రి పక్క మీద తలచుకుంటే ఆయనకు నిజంగానే వణుకు పుట్టేది. ఒక్క దారి ఉందనిపించింది. చూడగానే పెద్దమనిషి అని తెలిసిపోయేలా వెళ్ళాలి. అంటే, బట్టల్లో ఉంది కిటుకంతా.

"చెరో సూట్‌కేసు," అంది సౌందర్య. "ఆ ఇల్లు మిద్దె మీద పోర్షను. ఒక్కటే బీరువా ఉండాది. కారు డిక్కీలో రెండే పడతాయి. వెనక సీట్లో కుక్కరు, స్టవ్వు, బియ్యం."

"ఒక్క సూట్‌కేసులో చలికాలం యాడ పడతాదే?"

"అది నువ్వూ చలికాలమూ మాట్లాడుకోండి."

సలహాలకు కొదవ లేకపోయింది. మడికేరి ఎప్పుడూ చూడనివాళ్ళంతా వచ్చి మడికేరి గురించి చెప్పారు. ఒకాయన కాళ్ళకు ఆముదం రాసుకోమన్నాడు. ఒకావిడ స్వెట్టరు లోపల న్యూస్ పేపరు పెట్టుకోమంది. ఏ పేపరన్నది కూడా చెప్పింది. అందరికన్నా మించినవాడు హులిగప్ప. ఆయనకు ఇంటి వెనక షెడ్డులో పన్నెండు మిషన్లున్న జీన్స్ యూనిట్ ఉంది. ఓ పొద్దున ఎనిమిది ప్యాంట్లు భుజాన వేసుకుని వచ్చాడు.

"అన్నా, చలికి జీన్సే కరెక్టు. మందం చూడు. పట్టుకో. బట్ట కాదు ఇది, గోడ."

ఒక ప్యాంటును నేల మీద నిలబెట్టి చేయి తీసేశాడు. ప్యాంటు నిలబడింది. మనిషి లేకుండా రెండు కాళ్ళ మీద, నడుం వరకూ, సంఘం మీటింగుకు వచ్చినట్టు నిలబడింది. మాధవకు కళ్ళు చెమర్చాయి.

"ఎనిమిదీ నాకేనా?"

"నీకే. అక్కడోళ్ళకు చెప్పల్ల, బళ్ళారి సరుకని."

సౌందర్య వాటిని చూసి, "ఇవి ఆరతాయా అప్పా?" అంది.

"ఏం మాటమ్మా," అన్నాడు హులిగప్ప, నొచ్చుకుని. "మిద్దె మీద ఏసి కిందికి దిగొచ్చేలోగా ఆరతాయి."

అదీ నిజమే. ఇంట్లో పనిచేసే మారెక్క రంగు పోయేదేదో పోనీ అని వాటిని ఒకసారి ఉతికి మిద్దె మీద వేసింది. ఇరవై నిమిషాలకు అప్పడాల్లా పెళపెళలాడుతూ కిందికొచ్చాయి. బళ్ళారిలో పుట్టి పెరిగినవాడికి తడిబట్ట అనేది ఒక సమస్య అని ఎలా తెలుస్తుంది? ఎండలో తడిబట్ట ఆరడం ఆయన దృష్టిలో సూర్యుడు ఉదయించడం లాంటిది. దాని గురించి ఎవరూ సూట్‌కేసు ముందు కూర్చుని ఆలోచించరు.

ఇక స్వెట్టరు. మే నెల మధ్యాహ్నం బెంగళూరు రోడ్డులో ఒక పెద్ద బట్టల దుకాణంలోకి వెళ్ళి మాధవ స్వెట్టరు అడిగాడు. కౌంటరు మీదాయన ఫ్యాను వైపు నుంచి మొహం తిప్పాడు.

"ఎవరికి సార్ బాగలేదు?"

"అందరూ బాగుండారు. నాకే."

"మీకేమైంది సార్?"

"ట్రాన్స్‌ఫర్," అన్నాడు మాధవ. ఎవరికన్నది చెప్పలేదు.

లోపలంతా వెతికించి ఒకటి తెచ్చారు. అది మూడేళ్ళ పిల్లకు సరిపోతుంది, బొమ్మ కుందేలు కుట్టి ఉంది. స్వెట్టర్లు అమ్మే నేపాలీలు నవంబరులో వస్తారని, అప్పటి దాకా ఓపిక పట్టమని చెప్పి ఆయన మళ్ళీ ఫ్యాను వైపు తిరిగాడు.

ఆటోలో ఇంటికొస్తుంటే మాధవకు మెరుపు లాంటి ఆలోచన వచ్చింది. బీరువాలో పద్దెనిమిది శాలువాలు పెట్టుకుని స్వెట్టరు కోసం ఊరంతా తిరిగే పిచ్చోడు ఎవరైనా ఉంటారా? చలికి చలీ ఆపుతాయి. పైగా పదిమందీ చూస్తారు. చూసినవాళ్ళు అడుగుతారు: ఇవన్నీ ఎక్కడివి సార్? అప్పుడు చెప్పవచ్చు.

"అవి ఉన్ని కాదప్పా," అంది సౌందర్య. "పాలిస్టరు. కప్పుకుంటే చలి ఇంకా దగ్గరకొస్తాది."

"శాలువా అన్నాక శాలువానే."

నేల తుడుస్తున్న మారెక్క తల ఎత్తింది. "అవి తుడిచేకి కూడా పనికి రావు సారూ. ఒకటి చినిగిందని మేడం ఇస్తే నేల తుడిచి చూసినా. నీళ్ళు పట్టవు. అట్ల ఇదిలిస్తే ఇట్ల ఆరిపోతాది. దాన్ని బట్ట అంటారా?" బకెట్లో గుడ్డ పిండుతూ మళ్ళీ అంది. "మా మరిది తావ కంబళి ఉండాది. గొర్రెల్ని తోలుకోని ఆ గుడ్డతోనే వానలో తిరుగుతాడు. చలీ రాదు, నీళ్ళూ దిగవు. కావల్లంటే తెచ్చిస్తా."

మాధవ నవ్వాడు. మేనేజరు మేడం భర్త అన్న పేరే బరువుగా ఉంటే, దాని మీద గొర్రెల కాపరి కంబళి కూడానా?

ఆదివారం మధ్యాహ్నం ఆయన రిహార్సల్ పెట్టుకున్నాడు. రెండు బనీన్లు, ఒక అంగీ, జీన్స్, దాని మీద నాలుగు శాలువాలు, తలకు మంకీ క్యాప్. ఏ వరసలో కప్పుకుంటే ఏది పైకి కనిపిస్తుందో చూసుకోవాలి కదా. మూడో శాలువా దగ్గర కరెంటు పోయింది. నాలుగోదాని దగ్గర హులిగప్ప గేటు తీసుకుని లోపలికి వచ్చి, సోఫాలో ఉన్న ఆ మూటను చూసి, మాట్లాడకుండా వెనక్కి వెళ్ళిపోయాడు. అరగంటలో ‘మాధవన్నకు చలిజ్వరమంట’ అని కాలనీ అంతా తెలిసింది. తొమ్మిదిమంది ఎళనీరు బోండాలు పట్టుకుని పరామర్శకు వచ్చారు. ఆరోగ్యంగా ఉన్నానని చెబితే పరువు పోతుంది. అందుకని మాధవ తొమ్మిది ఎళనీర్లూ తాగి, సాయంత్రం దాకా మూలుగుతూ పడుకున్నాడు.

"బాగ రెస్ట్ తీసుకో," అంది సౌందర్య. "పొద్దునకు నీళ్ళు ఎక్కువై నిజంగానే వస్తాది."

ఆమె సూట్‌కేసు అప్పటికే మూసి ఉంది. ఆరు సింథటిక్ చీరలు, రెండు సల్వార్లు, ఒక రెయిన్‌కోటు, రబ్బరు చెప్పులు, పది జతల సాక్సులు, క్లిప్పులతో సహా నైలాను తాడు. మడికేరి బ్రాంచిలో యల్లేష్ అని సిరుగుప్ప వైపు అటెండరు ఒకాయన ఉన్నాడని తెలుసుకుని, ఫోన్ చేసి అడిగి, ఆయన చెప్పినట్టు సర్దుకుంది. చలి గిలి ఏమీ లేదు మేడం, వాన. ఆరే బట్టలు మాత్రమే తెచ్చుకోండి అన్నాడట.

"అటెండరు మాట ఇని సర్దుకుంటారా ఎవరన్నా?" అన్నాడు మాధవ.

"ఆయన ఎనిమిదేండ్ల నుంచి ఆడ ఉండాడప్పా. నువ్వు ఊటీలో ఎనిమిది గంటలుంటివి."

వీడ్కోలు సభ జూన్ రెండున గణేశుడి కట్ట దగ్గర జరిగింది. హులిగప్ప మైకు పట్టుకుని, "మాధవన్న లేని గాంధీనగర్‌ను నేను ఊహించలేను" అన్నాడు. అనడం పూర్తయ్యేలోగా ఎవరో "నల్లాలో నీళ్ళొచ్చినాయి" అని కేక వేశారు. పదకొండు రోజుల తర్వాత వచ్చిన నీళ్ళు. కుర్చీలు పడిపోయిన చప్పుడు వినిపించింది. తర్వాత చూస్తే సభలో ఆరుగురు ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు షామియానావాళ్ళు. హులిగప్ప కూడా కాళ్ళు అటూ ఇటూ మారుస్తూ, గబగబా శాలువా కప్పి, "నీళ్ళు పట్టి వస్తానన్నా" అని వెళ్ళిపోయాడు.

ముదురు ఎరుపు రంగు, బంగారు అంచు. మాధవ మూల తడిమి చూశాడు. రెండు ముళ్ళు చేతికి తగిలాయి.

ఇంటికొచ్చాక సౌందర్య మూడోది కుట్టింది. "మూడు ముళ్ళు పడినాయి," అంది. "ఇంక ఇది ఎవురింటికీ పోదు. మన ఇంటి మనిషి."

మాధవ నవ్వలేదు. ఖాళీ కుర్చీలు ఇంకా కళ్ళ ముందే ఉన్నాయి. ఇక్కడే ఇంతైతే అక్కడెంత? ఆ శాలువాను కొత్త కవరులో పెట్టి, సూట్‌కేసులో అన్నిటికన్నా పైన ఉంచాడు. కింద ఎనిమిది జీన్సులు, పద్దెనిమిది శాలువాలు, రెండు నూలు లుంగీలు, రెండు తువ్వాళ్ళు. మూత పడకపోతే మారెక్కను పైన కూర్చోమన్నాడు. రెయిన్‌కోటుకు చోటు మిగల్లేదు.

మడికేరిలో చలి లేదు. అది మొదటి దెబ్బ. బళ్ళారి జనవరి మాదిరి, అంతే. కానీ కారు దిగేటప్పటికి వాన పడుతోంది. సామాను మోస్తుంటే పడుతోంది. మర్నాడు లేచేటప్పటికి పడుతోంది. మాధవకు తెలిసిన వాన వచ్చేదీ పోయేదీ చెప్పుకునేంత అరుదైనది. బళ్ళారిలో వాన పడితే ఫోన్ చేసి చెప్పుకుంటారు. ఇక్కడి వాన ఇంటి ఓనరులా ఉంది. ముందునుంచీ ఇక్కడే ఉంది, మనమే వచ్చి చేరాం.

మొదటి రోజు ఒక జీన్స్ వేసుకుని, మెడలో శాలువాతో, నలుగురికీ కనబడదామని బజారుకు వెళ్ళాడు. నలుగురూ గొడుగుల కింద ఉన్నారు. ఎవరికీ ఎవరూ కనబడలేదు. జీన్స్ తొడల దాకా తడిసి, తిరిగి మెట్లెక్కేటప్పుడు కాలికి పది కిలోలు తూగింది. దాన్ని వరండాలో తాడు మీద వేశాడు. రెండో రోజు రెండోది. మూడో రోజు మొదటిది పట్టుకుని చూశాడు. వేసినప్పటి కన్నా ఇంకాస్త తడిగా ఉంది. ఎనిమిదో రోజుకు ఎనిమిది జీన్సులూ వరండాలో వరసగా వేలాడుతున్నాయి. వాటి నుంచి బూజు వాసన మొదలైంది. లుంగీలు ఆరలేదు. తువ్వాళ్ళు ఆరలేదు.

ఆరేవి శాలువాలే. మారెక్క చెప్పినట్టే, విదిలించి గాలికి పెడితే అరగంటలో ఆరిపోయేవి. మొదట ఒకటి తువ్వాలుగా తీశాడు. నీళ్ళు పీల్చదు, ఒంటి మీది నుంచి ఒంటి మీదికే తోస్తుంది, అయినా ఏదో ఒకటి. తర్వాత ఒకటి లుంగీ అయింది. వీధి లైటు శాలువా కుక్కరు దించే గుడ్డ అయింది. రాజ్యోత్సవం శాలువా గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే చోట పడింది. సౌందర్య రోజూ పొద్దున సింథటిక్ చీర కట్టి, రెయిన్‌కోటు వేసుకుని, దాన్ని దాటుకుంటూ బ్యాంకుకు వెళ్ళేది. ఏమీ అనేది కాదు. అదే ఆయనకు కష్టంగా ఉండేది.

కింది ఇంట్లో ఉండే ఓనరు ముత్తమ్మ ఒకరోజు వరండాలో వేలాడే రంగురంగుల జరీ అంచులు చూసి, పైన ఎవరైనా స్వామీజీ దిగారా అని కన్నడలో అడిగింది.

"లేదమ్మా, నావే. సన్మానాలవి," అన్నాడు మాధవ. పది రోజులుగా ఎదురు చూస్తున్న ప్రశ్న అదే. కానీ ఆ సమయంలో ఆయన నడుముకు గణేశుడి పందిరి శాలువా ఉంది. వివరాలు చెప్పబుద్ధి కాలేదు.

ఆశ మిగిలింది రెండో శనివారం మీదే. ఆ రోజు పదకొండు గంటలకు కొత్త మేనేజరుకు స్వాగత సభ పెట్టారు. బ్రాంచివాళ్ళు, కాఫీ తోటల ప్లాంటర్లు, ఊరి పెద్దలు, అందరూ వస్తారు. ముందు వరసలో మాధవకు కుర్చీ. ఎలా వెళ్ళాలో వారం ముందే నిర్ణయించుకున్నాడు: జీన్స్, తెల్ల అంగీ, ఎడమ భుజాన మూడు ముళ్ళ శాలువా. అదొక్కదాన్నే కవరు విప్పకుండా దాచాడు.

ఆ పొద్దున సౌందర్య ఎనిమిదింటికే వెళ్ళిపోయింది. మాధవ అన్నిట్లోకి తక్కువ తడిగా ఉన్న జీన్స్ తీసి ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టసాగాడు. ఒక కాలు అయ్యేసరికి కరెంటు పోయింది. కట్టుకున్న శాలువా మీద అప్పటికే కాఫీ ఒలికింది. ఈ కాసేపే కదా అని, కవరు విప్పి, బంగారు అంచుదాన్ని నడుముకు చుట్టుకున్నాడు.

పది గంటలకు తలుపు కొట్టారు. తీస్తే, నల్ల కంబళి తల మీది నుంచి కప్పుకున్న మనిషి. కంబళి మీద వాన చినుకులు పూసల్లా నిలబడి ఉన్నాయి, లోపల మనిషి పొడిగా ఉన్నాడు.

"నమస్కారం సార్. నేను యల్లేష్, బ్రాంచి అటెండర్ని. మాది సిరుగుప్ప పక్కనే."

"రాప్పా, లోపలికి రా."

"కూర్చునే టైం లేదు సార్. మైసూరు నుంచి శాలువా, తలకు పెట్టే పేటా రావల్ల. దావలో చెట్టు పడి బండి నిలిచిపోయిందంట. ఈడ అంగళ్ళన్నీ చూసినా, దొరకలా. ముత్తమ్మ గారు చెప్పినారు, మీ తావ శాలువాలు చానా ఉండాయని. ఒకటియ్యండి సార్, మేడంకు కప్పల్ల."

మాధవ వరండాలోకి తీసుకెళ్ళి చూపించాడు. యల్లేష్ ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. ఒకదాని మీద కుక్కరు మసి. ఒకదానికి పసుపు. ఒకదాని మధ్యలో ఇస్త్రీ పెట్టె ఆకారంలో కన్నం. పద్దెనిమిదీ చూసి, ఇటు తిరిగి, కాసేపు మర్యాదగా వాన వైపు చూశాడు. తర్వాత చూపు మెల్లగా మాధవ నడుము దగ్గరికి దిగింది.

"అది బాగుండాది సార్."

"ఇదా? ఇది నాదప్పా."

"మేడంకే కద సార్."

మాధవ బంగారు అంచును రెండు చేతులా పట్టుకున్నాడు. ఇది పోతే భుజం ఖాళీ. భుజం ఖాళీ అయితే ముందు వరసలో కూర్చునేది ఎవరో చెప్పేదానికి ఏమీ లేదు, మేనేజరు మేడం భర్త తప్ప. ఇవ్వకపోతే, మూడు వందల మైళ్ళు వచ్చి మేనేజరైన మనిషి ఉత్త భుజాలతో స్టేజీ దిగుతుంది. ఇంటికొచ్చిన ప్రతి శాలువాకూ పదేళ్ళుగా ముడి కుట్టిన మనిషి. ఆమెకు ఒక్కరూ ఒక్క శాలువా కప్పలేదన్న సంగతి ఆయనకు అప్పుడే, ఆ అవతారంలోనే తట్టింది.

"అటు తిరుగు," అన్నాడు.

యల్లేష్ తిరిగాడు. మాధవ తడి జీన్స్ ఎక్కించుకున్నాడు. పాము కుబుసంలోకి తిరిగి దూరినంత పని. యల్లేష్ శాలువాను నాలుగు మడతలు వేసి, కవరులో దూర్చి, చంకలో పెట్టుకున్నాడు.

"మీకు గొడుగు, రెయిన్‌కోటు ఏమన్నా ఉండాయా సార్?"

"చోటు చాల్లేదు."

యల్లేష్ తన కంబళి తీసి ఆయన మీద వేశాడు. "నా తావ స్కూటరు కోటు ఉండాది. ఇది కప్పుకోండి. ఈ వానకు ఇదే సార్."

కంబళి బరువుగా, ముతకగా, గొర్రె వాసనతో ఉంది. రెండు నిమిషాల్లో ఒంట్లో పది రోజుల తడి వదిలింది. మాధవకు ఆ సుఖం చూసి కోపం వచ్చింది.

హాలు గుమ్మంలో బ్యాడ్జీ పెట్టుకున్న ఆఫీసరు ఒకాయన కంబళిని, కింద నీళ్ళోడుతున్న ప్యాంటును చూసి, లోను విషయమైతే సోమవారం రండి అని కన్నడలో మర్యాదగా చెప్పాడు. యల్లేష్ అప్పటికే శాలువాతో లోపలికి పరిగెత్తాడు. నేను ఫలానా అని చెప్పడానికి మాధవ దగ్గర ఒక్కటే మాట ఉంది, అదేదో మీకు తెలుసు. అది నోటికి రాక, ఊరికే చూడటానికి వచ్చానని చెప్పి, వెనక వరసలో కూర్చున్నాడు. కుర్చీ కింద చిన్న మడుగు కట్టింది.

ప్రసంగాలయ్యాయి. శాలువా పళ్ళెంలో వచ్చింది. పెద్ద ప్లాంటరు ఒకాయన లేవబోతుంటే సౌందర్య మైకు దగ్గరికి జరిగింది.

"మా వారు వెనకాల ఉన్నారు," అంది కన్నడలో. "సన్మానం ఎలా చేయాలో మా ఇంట్లో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆయన్నే కప్పమనండి."

హాలంతా వెనక్కి తిరిగింది. మాధవ కంబళితోనే లేచాడు. నడుస్తుంటే జీన్స్ తప్ తప్ మంది. గుమ్మం దగ్గరి ఆఫీసరు గోడకు అతుక్కుని దారిచ్చాడు. స్టేజీ ఎక్కి, పళ్ళెంలోంచి శాలువా తీసి, రెండు అంచులూ సమానంగా పట్టుకుని, జరీ బయటికి వచ్చేలా కప్పాడు. పని తెలిసిన చేయి. ఎక్కడా ముడత పడలేదు.

సౌందర్య అలవాటు కొద్దీ మూల తడిమింది. బొటనవేలు ఒకటి, రెండు, మూడు ముళ్ళ మీదుగా వెళ్ళి ఆగింది. శాలువాలో ఇంకా కాస్త ఆయన ఒంటి వాసన ఉంది.

ఇంట్లో నువ్వు అనే మనిషి పదిమందిలో మీరు అంటుంది. "మీరు దీన్ని ఉతికినారా?" అంది మెల్లగా. మైకు మాత్రం మెల్లగా అనలేదు.

"గంటసేపే కట్టుకున్నా," అన్నాడు మాధవ, నిజాయితీగా. అదీ హాలంతా మోగింది.

తెలుగు రాని ఆ హాలు, భార్యాభర్తలు ఏవో మంచి మాటలు చెప్పుకున్నారనుకుని చప్పట్లు కొట్టింది. యల్లేష్ ఒక్కడు మాత్రం పూలపళ్ళెం మొహానికి అడ్డం పెట్టుకుని స్టేజీ వెనక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రం వరండాలో కూర్చుని సౌందర్య దారం తీసింది. పసుపుది కాదు, ఆకుపచ్చది. మూడు ముళ్ళ పక్కన నాలుగోది కుట్టి, పంటితో దారం తెంపింది.

"ఇది నాది," అంది. "ఎవురికన్నా కప్పల్లంటే నన్నడిగి తీసుకో."

"కట్టుకోవల్లంటే?"

"మారెక్కకు ఫోన్ చెయ్యి. వాళ్ళ మరిది తావ కంబళి ఇంకా ఉండాదేమో."

మాధవ ఫోన్ తీశాడు. మారెక్క ఎత్తేలోగా హులిగప్ప దగ్గర నుంచి కాల్ వచ్చింది.

"ఎట్లుండావన్నా? ఆడ మర్యాద బాగుండాదా?"

"ఏం చెప్పల్లప్పా. ఈపొద్దే సన్మానం అయింది. స్టేజీ మీదికి పిలిపించినారు. హాలంతా చప్పట్లు."

"అది మాధవన్న అంటే," అన్నాడు హులిగప్ప. సన్మానం ఎవరికని అడగలేదు. అడిగి ఉంటే మాధవ చెప్పేవాడే. "మరి మన జీన్సులెట్లుండాయన్నా?"

మాధవ తాడు వైపు చూశాడు. శాలువాలతో తాడు మీద చోటు చాలక, రెండింటిని పొద్దున గోడ వారగా నేల మీద పెట్టాడు. వెలుగు తగ్గిన వరండాలో, నడుం దాకా, మనుషులు లేకుండా, వాన వైపు తిరిగి ఉన్నాయి.

"నిలబడే ఉండాయప్పా," అన్నాడు.